కొరింథులోని మట్టి అవయవములు



కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయమును తెరచి ఈ పాఠము చదువుడి. అక్కడ పాదము, చెవి, కన్ను మాటలాడుచున్నట్లు పౌలు వ్రాసెను.

గ్రీసు దేశమందలి ప్రాచీన కొరింథులో, త్రవ్వకములు జరిగిన స్థలమునందే, ఒక చిన్న పురావస్తు ప్రదర్శనశాల కలదు. దాని సొత్తులో వింతయైనవి మట్టితో చేసి కాల్చిన చేతులు, కాళ్లు, చెవులు, స్త్రీల రొమ్ములు. అనేకములు నిజమైన అవయవమంత యున్నవి. గ్రీకులు అస్క్లేపియస్ అనువానిని స్వస్థపరచు దేవుడని నమ్మిరి. రోగులు అతని గుడిలో రాత్రి పండుకొని స్వప్నమునకు కనిపెట్టుకొనెడివారు. కాలు బాగుపడినవాడు మట్టికాలును, చెయ్యి బాగుపడినవాడు మట్టిచేతిని మ్రొక్కుబడిగా చెల్లించును. గుడి ఆవరణములో పూడ్చబడియున్న వాటిని 1929 మొదలు 1934 వరకు జరిగిన త్రవ్వకములలో వెలికితీసిరి.

పౌలు వీటిని చూచియే ఆ అధ్యాయము వ్రాసెనని నేనును ఒకప్పుడు ప్రసంగపీఠము మీదనుండి గట్టిగా చెప్పితిని. వినినవారు సంతోషించిరి. ఇంటికి వచ్చి సంవత్సరములు లెక్కించుకొనగా సిగ్గుపడితిని. ఈ అవయవములు క్రీ.పూ. 5, 4 శతాబ్దములవి. క్రీ.పూ. 146లో రోమీయులు కొరింథును పాడుచేసిరి, క్రీ.పూ. 44లో యూలియస్ కైసరు దానిని మరల స్థాపించెను. పౌలు వచ్చినది క్రీ.శ. 50 ప్రాంతమున. అప్పటికి ఇవి మంటి క్రిందనే యున్నవి. రోమీయుల కాలములో ఆ గుడిని బాగుచేసిరి గనుక క్రొత్త మ్రొక్కుబడులు వ్రేలాడియుండవచ్చును. ఉండవచ్చుననుట వేరు, పౌలు చూచెననుట వేరు. పైగా శరీరము, అవయవములు అను పోలిక రోమీయులకు పూర్వమే తెలియును. కడుపుమీద అవయవములు తిరుగబడిన కథను లీవీ అను చరిత్రకారుడు పౌలు పత్రికకు ముందే వ్రాసియుంచెను. మరుసటి ఆదివారము సంఘము ఎదుట నా మాట దిద్దుకొంటిని. ఒక పెద్దకు అది రుచించలేదు.

అదే కొరింథులో 1898లో విరిగిన ద్వారపు పైరాయి యొకటి దొరికెను. హెబ్రీయుల సమాజమందిరమని దానిమీద గ్రీకు అక్షరములు మొరటుగా చెక్కబడినవి. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయము చదివినవారికి గుండె ఝల్లుమనును. పౌలు ఈ రాతి క్రిందుగానే లోపలికి నడిచెనని బోధించువారు కలరు. అయితే అక్షరముల తీరునుబట్టి అది పౌలు కాలమునకు తరువాతిదని పండితులలో అనేకులు ఎంచుచున్నారు. కొరింథులో యూదులు కూడుకొను మందిరముండెననుటకు ఆ రాయి సాక్షి. పౌలు దినములకు సాక్ష్యము అపొస్తలుల కార్యములే.