వెనుకబడినవాని చిట్టా

దీపావళికి కొత్త ఖాతాలు తెరచు వ్యాపారికి ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి దుకాణమునకు దాని చిట్టా దానిదే, దాని ఆవర్జా దానిదే. ఎదుటి దుకాణములో జరిగిన అమ్మకమును తన చిట్టాలో నష్టముగా వ్రాయు గుమాస్తాను ఏ యజమానియు ఒక్క దినమైనను ఉంచుకొనడు. కాని ఇరవై, ఇరవై అయిదేండ్ల యువకులు అనేకులు ఈ తప్పు లెక్కనే నిత్యము వ్రాసుకొనుచున్నారు. తోటివాని లాభమును తమ నష్టముగా ఎంచి కుములుచున్నారు.

రాయచూరు జిల్లాలోని అరకేర వంటి ఊరిని తలచుకొందము. కృష్ణా తుంగభద్రల నడిమి సీమ అది. కన్నడముతోపాటు తెలుగు మాటయు వినవచ్చు ప్రాంతము. ఇట్టి ఊళ్లలో అంగడి నడుపుకొను కుటుంబపు కుర్రవాడు సి.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పి, తండ్రి గల్లాపెట్టె ప్రక్కన వచ్చి కూర్చుండును. వానితో చదివినవాడొకడు బెంగుళూరులో ఉద్యోగమున చేరును. మరొకడు హైదరాబాదులో సొంత దుకాణము తెరచును. ఇంకొకనికి మంచి సంబంధము కుదురును. పర్యూషణ దినములలో కలిసిన పెద్దలు ప్రేమతోనే "అబ్బాయీ, ఇంకను ఏమియు కుదరలేదా?" అని అడుగుదురు. ఆ "ఇంకను" అను మాట వానికి ముల్లువలె గుచ్చుకొనును. మరుసటి ఏడు వాడు నలుగురిలోకి వచ్చుటయే మానివేయును. పుస్తకము తెరచుటయు మానివేయును. అపాయము పరీక్ష తప్పుటలో లేదు. ఈ మానివేయుటలో ఉన్నది.

ఇట్టివానికి చెప్పదగిన జీవితము తెలుగునాట ఒకటి కలదు. అది డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన 1895 జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. పదమూడేండ్ల ప్రాయములో, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి పారిపోయెను. దారిలోనే పట్టుకొని వెనుకకు తెచ్చిరి. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పెను. మూడవసారి మద్రాసులో గట్టెక్కెను. తండ్రి 1913లో గతించెను. సన్యసింపవలెనని కోరగా తల్లి సమ్మతింపలేదు. మామగారి సహాయముతో మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. అచ్చట గాంధీజీ పిలుపు ననుసరించి ఖద్దరు ధరించుట శస్త్రచికిత్స ఆచార్యునికి నచ్చలేదు. తోటివారికి ఎం.బి.బి.ఎస్. పట్టము రాగా, ఆయనకు అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. మద్రాసు వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించెను, అదియు రాలేదు. ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు కాలము గడపెను. ఈ నడుమనే స్ప్రూ అను సంగ్రహణి జబ్బు ఆయన సోదరులు ఇద్దరిని పొట్టన పెట్టుకొనెను.

ఇరవై ఏడేండ్లు నిండిన నాటికి ఆయన చిట్టాలో ఉన్నది ఇదియే. లోకము చూపునకు ఇది నష్టముల పట్టికయే గదా!

ఆ వయస్సు దాటిన తరువాతనే ఆయన మామగారి తోడ్పాటుతోను, సత్యలింగ నాయకరు ధర్మనిధి సహాయముతోను అమెరికాలోని బోస్టను నగరమునకు పోయి హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల శిక్షణలో చేరెను. చేతనున్న ఎల్.ఎం.ఎస్. అచ్చటి ఆస్పత్రులలో వైద్యునిగా కుదురుకొనుటకు చాలలేదు. కావున రాత్రివేళ ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడుగు పని చేసి పొట్ట పోసుకొనెను. పగలు చదువు మానలేదు.

1925లో, ముప్పది ఏండ్లకు, సైరస్ ఫిస్కేతో కలిసి రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. అది ఇరువురి పేరిటనే ప్రసిద్ధమైనది. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి.ని గూర్చి వారు ప్రకటించిరి. డాక్టరేటు 1930లో, ముప్పది అయిదవ ఏట వచ్చెను. ఇంత చేసినను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో, నలుబది అయిదవ ఏట, లెడర్లీ అను మందుల సంస్థలో చేరెను. తక్కిన ఎనిమిదేండ్లలో ఆయన నడిపిన పరిశోధకులు ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. బోదకాలు జబ్బునకు హెట్రజాన్‌ను, 1948లో ఆరియోమైసిన్ అను మందును వెలికి తెచ్చిరి. సోదరులను తీసికొనిపోయిన జబ్బునకు ఆ ఫోలిక్ ఆమ్లమే ఔషధములలో ఒకటైనది. ఆయన 1948 ఆగస్టులో, ఏబది మూడేండ్లకే కన్నుమూసెను.

ఈ కథనుండి "ఆలస్యమైన వాడెల్ల గొప్పవాడగును" అని తీయుట పొరపాటు. అట్టి పూచీ ఎవ్వరును ఇయ్యలేరు. సుబ్బారావు గారు స్వదేశమునకు తిరిగి రానేలేదు. భార్య శేషగిరమ్మ ఇచ్చటనే ఉండిపోయెను. ఆ వెలయు లెక్కలో ఉండవలసినదే. ఇందులో నేర్వవలసినది వేరు. పట్టము ఇతరుల చేతిలో ఉండెను, పదవి ఇతరుల చేతిలో ఉండెను. పని మాత్రము ఆయన చేతిలో ఉండెను. దానిని ఆయన విడువలేదు.

తత్త్వార్థసూత్రము ఎనిమిదవ అధ్యాయములో అంతరాయ కర్మము అయిదు విధములుగా చెప్పబడినది: దానము, లాభము, భోగము, ఉపభోగము, వీర్యము అను అయిదింటికి కలుగు అడ్డు. లాభమునకు అడ్డు వేరు, వీర్యమునకు, అనగా ప్రయత్నశక్తికి, అడ్డు వేరు అని గుర్తింపవలెను. సరకు అమ్ముడుపోకుండుట ఒకటి. అంగడి తలుపు తీయకుండుట మరియొకటి. లాభమునకు అడ్డు వచ్చినంతనే శక్తియు పోయినదని తలచువాడు, తనకు లేని రెండవ అడ్డును తానే తెచ్చిపెట్టుకొనును. ఏ జీవుని వీర్యమును పూర్తిగా మూతపడదని శాస్త్రము చెప్పుచున్నది. మిగిలిన కొంచెముతోనే పని మొదలిడవచ్చును.

అందుకు ఉపాయములు కష్టమైనవి కావు. మొదటిది, తన ప్రగతిని తోటివానితో కాక, కిందటి దీపావళినాటి తనతో పోల్చుకొనవలెను. రెండవది, ఒక సామాయికమునకు పట్టు నలుబది ఎనిమిది నిమిషములైనను ప్రతిదినము చదువునకో, వృత్తి నేర్చుటకో తప్పక కేటాయింపవలెను. మనస్సు బాగుండని నాడు కూడ దానిని మానరాదు. మూడవది, నలుగురిలోకి పోవుట విడువరాదు. ఇంట ముసుగుపెట్టి పడుకొన్నవానికి దిగులు రెట్టింపగును. ఎంతకును తీరని దిగులైనచో పెద్దలకు, అవసరమైన వైద్యునికి చెప్పుకొనుటలో సిగ్గులేదు.

పెద్దలకును ఒక విధి కలదు. "ఇంకను ఏమియు కుదరలేదా?" అనుటకు మారుగా "ఈ నెల ఏమి నేర్చుకొంటివి?" అని అడిగినచో ఆ కుర్రవాడు తలయెత్తి బదులు చెప్పగలడు. వచ్చే పండుగకు తానుగా ఎదురు వచ్చి చెప్పును. ఇంటి పిల్లలలో ఒకనిని చూపి మరియొకనిని దెప్పుట పొదుపైన మాట కాదు. దాని వడ్డీ చాలకాలము కట్టవలసి వచ్చును.

రాయచూరు జిల్లా కర్ణాటకములో బోదకాలు జబ్బు ఉన్న జిల్లాలలో ఒకటి. దాని నివారణకై ప్రభుత్వమువారు ఊరూరను డి.ఇ.సి. మాత్రలు పంచిరి. ఆ డి.ఇ.సి.యే ఒకనాటి హెట్రజాన్. ఆ మాత్ర మ్రింగినవారిలో ఎవ్వరును, దానిని వెలికి తెచ్చినవాడు మెట్రిక్యులేషను ఎన్నవసారి గట్టెక్కెనని అడుగలేదు.