తెల్లవారి కదలని డీజిలు ఇంజను

పామిడిముక్కల ప్రాంతపు మెరక చేలకును, కాలువ చివరి పొలములకును నీరు తోడుటకు పాత డీజిలు ఇంజనులను వాడు రైతులు కలరు. వంతు నీరు వచ్చిననాడు ఇంజను కదలకున్న నారుమడి యెండును.

రాత్రి చక్కగా నడచినది తెల్లవారి ఎంత త్రిప్పినను అంటుకొననిచో, డీజిలు గొట్టమున గాలి చేరినదేమో ముందు చూడవలెను. గాలి నొక్కిన నణగును, డీజిలు అణగదు. బుడగ యున్నచో పంపు త్రోపు దానిని నొక్కుటకే సరిపోయి, ఇంజెక్టరు చిమ్మదు.

గాలి తీయు వరుస యిది. ట్యాంకులో చాలినంత డీజిలు పోసి, ఫిల్టరుమీది గాలి స్క్రూను వదులుచేసి, చేతి పంపు కొట్టుడు. బుడగలు పోయి ధార వచ్చినపుడు బిగింపుడు. ట్యాంకు ఎత్తుననున్న ఇంజనులకు డీజిలు తానే దిగును. పిమ్మట పెద్ద పంపు స్క్రూ వద్దను, తుదకు ఇంజను త్రిప్పుచు ఇంజెక్టరు గొట్టపు నట్టు వద్దను ఇట్లే చేయవలెను. ఇంజెక్టరు చిమ్ము ధార చర్మమును చీల్చును, చేయి అడ్డుపెట్టరాదు.

అయితే దినదినము గాలి తీయుట మందు కాదు. ట్యాంకు దిగువనున్నచోట, పీల్చు గొట్టమున సందున్నను డీజిలు బయటికి కారదు. గాలియే లోనికి చొరబడును. రాత్రి ఇంజను ఆగియుండగా గొట్టములోని డీజిలు ట్యాంకులోనికి జారును. కావున తడి కానరాలేదని నమ్మరాదు. లోపల కనబడు ప్లాస్టిక్ గొట్టపు ముక్కను నడుమ తగిలించిన బుడగలు తెలియును. పగిలిన రబ్బరు గొట్టమును, అరిగిన రాగి వాషరును మార్పుడు.

వాషరు ఖర్చునకు వెనుదీసి వంతు పోగొట్టుకొనరాదని మా మనవి.