అలమీర్‌కి వెళ్ళే ముందు

చిరంజీవి తమ్ముడికి,

నీ రూమ్మేట్లతో కలిసి అలమీర్ జలపాతానికి వెళ్దామనుకుంటున్నావని అమ్మ చెప్పింది. తప్పకుండా వెళ్ళరా. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఒక రోజంతా నడవడానికి ఏది బాగుంటుందని ఎవరడిగినా నేను ఆ పేరే చెప్తాను. కానీ నువ్వు పంపిన వీడియోలో ఆ కుర్రాళ్ళు గట్టు మీంచి జారుకుంటూ బీచ్‌లోకి దిగారే, ఆ దారి చూశాక రాయకుండా ఉండలేకపోయాను.

అసలు ఆ జలపాతం అక్కడెందుకుందో ఆలోచించు. మామూలుగా వాగు నేలను కోసుకుంటూ వచ్చి సముద్రమట్టం దగ్గరే సముద్రంలో కలుస్తుంది. కానీ ఈ జలపాతం ఉన్న పాయింట్ రేస్ పార్కులో తీరపు గట్టు గుల్లబారిన మట్టిరాయి. అలలు దాని అడుగును ఎంత వేగంగా తినేస్తున్నాయంటే, చిన్న అలమీర్ వాగు అంత వేగంగా తన దారిని లోతు చేసుకోలేకపోయింది. అందుకని గట్టంచు దాకా వచ్చి, దాదాపు 40 అడుగుల ఎత్తు నుంచి తిన్నగా ఇసుకలోకి దూకుతుంది. ఇలా బీచ్ మీదే పడే జలపాతాలు చాలా అరుదు. బిగ్ సర్‌లో మెక్‌వే జలపాతం ఉంది కానీ, అక్కడ ఇసుకలోకి దిగనివ్వరు, పైనుంచి చూసి వచ్చెయ్యాలి.

అంటే ఆ గట్టు విరిగిపడుతూ ఉండబట్టే ఆ అందం. అది ఎప్పుడో జరిగి ఆగిపోయింది కాదు. మనం కాకినాడ వాళ్ళం, ఉప్పాడలో రోడ్డూ ఇళ్ళూ సముద్రంలోకి పోవడం ఎరిగినవాళ్ళం, నీకు నేను వేరే చెప్పాలా? 2015 మార్చిలో ఇదే పార్కులో ఆర్చ్ రాక్ దగ్గర గట్టంచు కూలి ఒకామె ప్రాణం పోయింది. అక్కడ నిలబడొద్దని పార్కువాళ్ళు రెండు రోజుల ముందే హెచ్చరించారు కూడా.

వీడియోలో ఉన్న అడ్డదారి పార్కు వేసింది కాదు, బాగుచేసేదీ కాదు. ఆ దారిన వెళ్ళొద్దనే వాళ్ళు చెప్తారు. నాలుగైదు మైళ్ళు కలిసొస్తాయన్న మాట నిజమే. కానీ పొదల నిండా పాయిజన్ ఓక్. మూడేసి ఆకులుంటాయి, తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు. ఆకు రాలిన ఉత్త పుల్లకీ ఆ నూనె ఉంటుంది. పిడుదులు సరేసరి. అవన్నీ దాటాక చివర్లో కాలికింద పొడిపొడిగా రాలే గట్టు దిగాలి. నా మాట విని ఆ దారి పట్టొద్దు.

బాట మొదలయ్యే పాలోమారిన్ దగ్గర కారు ఆపి, కోస్ట్ ట్రైల్ మీదుగా వైల్డ్‌క్యాట్ క్యాంప్ దాకా 5.5 మైళ్ళు నడవండి. అక్కడ బీచ్‌లోకి దిగి ఎడమవైపుకి మరో మైలు. రానూపోనూ 13 మైళ్ళు, 21 కిలోమీటర్లు. మొదట్లో జామాయిల్ చెట్ల వాసన, తర్వాత కొండవాలు మీద ఒక పక్కంతా సముద్రం, ఆ తర్వాత బాస్ లేక్, పెలికన్ లేక్. ఈ చెరువులు కూడా కొండచరియలు జారినప్పుడు పడ్డ గుంతల్లో నీళ్ళు నిలిచి ఏర్పడినవే. అక్కడ కాసేపు కూర్చోండి. పొద్దున్నే బయల్దేరితే ఎక్కడా పరుగెత్తక్కర్లేదు, పార్కింగూ దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యం పోటుపాట్లు. ఆ చివరి మైల్లో ఒక పక్క గట్టు, ఒక పక్క సముద్రం. పోటు మీదున్నప్పుడు నీళ్ళు గట్టును తాకుతాయి, తప్పుకునే చోటుండదు. ముందురోజే పట్టిక చూసుకుని, నీళ్ళు బాగా వెనక్కి తగ్గే వేళకి గంట ముందే ఇసుకలో దిగేలా లెక్క వేసుకో. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువని మన జాలర్లకి ఎవరూ నేర్పనక్కర్లేదు, పసిఫిక్‌కీ అదే లెక్క. పైగా అక్కడ చెప్పాపెట్టకుండా ఒక్కోసారి పెద్ద అల విరుచుకుపడుతుంది. ఫోటోల కోసం సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు. గట్టు కింద నీడ ఉంది కదా అని అక్కడ కూర్చుని అన్నాలు తినొద్దు. నీళ్ళు ఎండాకాలంలోనూ గడ్డకట్టించేంత చల్లన. ఈతకి దిగాలనిపిస్తే ఆ సరదా సముద్రంలో వద్దు.

ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే దింపుకో. తాగే నీళ్ళు ఇంటి దగ్గర్నుంచే మోసుకెళ్ళాలి, మనిషికి మూడు లీటర్లకి తగ్గొద్దు. పులిహోర కట్టుకో, సాయంత్రం దాకా పాడవదు. వేసవిలో కూడా పొగమంచు కమ్ముతుంది కాబట్టి స్వెట్టర్ తప్పనిసరి. వానలు పడ్డాక వెళ్తే వాగు నిండుగా దూకుతుంది, ఎండాకాలం చివరికి సన్నబడిపోతుంది. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి.

మీలో ఒకబ్బాయికి మోకాలి నొప్పి ఉందన్నావు. అతన్ని ముందే అడుగు, బాస్ లేక్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చినా ఆ రోజు దండగ కాదు. తేదీ ఖాయమయ్యాక నాకు చెప్పు, ఆ రోజు పోటు పట్టిక నేనూ చూసి, ఇంట్లోంచి ఎన్నింటికి కదలాలో నీకు రాస్తాను.

ఇట్లు,
నీ పెద్దక్క