సరిహద్దు దళానికి ఫిరంగులెందుకు? బీఎస్ఎఫ్ ఆర్టిలరీ చరిత్ర

పదో తరగతి పాసైన తర్వాత కానిస్టేబుల్ జీడీ పరీక్షకు చదివేవారు మన హాస్టళ్లలో ఎందరో ఉంటారు. బీఎస్ఎఫ్ అంటే రైఫిల్ పట్టుకుని సరిహద్దు కాయడమేనని మనం అనుకుంటాం. కానీ ఆ దళానికి సొంత ఫిరంగులు కూడా ఉన్నాయి. అవి ఎందుకు వచ్చాయో, ఎలా పనిచేస్తాయో ఈ వార్షికోత్సవ సంచికలో తెలుసుకుందాం.

పోలీసా? సైన్యమా?

గోల్కొండలో 1962లో నెలకొన్న ఆర్టిలరీ సెంటర్ గురించి మనకు తెలుసు. అక్కడ తయారయ్యే గన్నర్లు సైన్యానికి చెందినవారు, అంటే రక్షణ శాఖ కింద ఉంటారు. సరిహద్దు భద్రతా దళం మాత్రం కేంద్ర హోంశాఖ కిందిది. మన రామంతాపూర్‌లోని సెంట్రల్ ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీ ఏ శాఖదో, బీఎస్ఎఫ్ కూడా ఆ శాఖదే. హోంశాఖ కింద సీఆర్‌పీఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ కూడా ఉన్నాయి. వీటన్నింటిలో సొంత ఆర్టిలరీ ఉన్నది ఒక్క బీఎస్ఎఫ్‌కే.

సర్దార్ పోస్టు నేర్పిన పాఠం

1965 వరకు పాకిస్తాన్ సరిహద్దును ఆయా రాష్ట్రాల సాయుధ పోలీసులు కాపలా కాసేవారు. దొంగ రవాణాను, చొరబాట్లను ఆపడానికి అది సరిపోయేది. 1965 ఏప్రిల్ 9న గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో సర్దార్ పోస్టుపై పాకిస్తాన్ సైన్యం పెద్ద బలగంతో దాడి చేసింది. అక్కడ ఉన్నది సీఆర్‌పీఎఫ్‌కు చెందిన కొద్దిమంది జవాన్లే. వారు వెనుదిరగకుండా పోరాడి దాడిని తిప్పికొట్టారు. అందుకే ఏప్రిల్ 9ని సీఆర్‌పీఎఫ్ శౌర్య దినంగా జరుపుకుంటుంది.

వారి ధైర్యం గొప్పదే. అయితే ఎదుటివారి దగ్గర ఫిరంగులుంటే పోలీసు ఆయుధాలతో ఎంతకాలం నిలవగలరు? ఈ ప్రశ్న నుంచే 1965 డిసెంబరు 1న బీఎస్ఎఫ్ పుట్టింది. దాని మొదటి అధిపతి కె.ఎఫ్. రుస్తుంజీ. ఆయన కాలంలోనే 1969లో విమాన విభాగం, 1971లో ఆర్టిలరీ ఏర్పడ్డాయి.

1971 సంవత్సరం

ఆ ఏడాది మార్చి నుంచి తూర్పు పాకిస్తాన్ శరణార్థులు లక్షలాదిగా మన దేశానికి తరలివచ్చారు. అక్కడి ముక్తి బాహినికి తొలి రోజుల్లో అండగా నిలిచింది బీఎస్ఎఫే. జూలైలో ముక్తి బాహినికి 'ముజీబ్ బ్యాటరీ' అనే మొదటి ఫిరంగి దళం ఏర్పడింది. దానికి భారతదేశం 3.7 అంగుళాల హోవిట్జర్లను ఇచ్చింది. ఇది కొండ ఫిరంగి. భాగాలుగా విడదీసి కంచరగాడిదలపై మోసుకుపోవచ్చు. డిసెంబరు 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో పాకిస్తాన్ సేనల లొంగుబాటుతో ముగిసింది. యుద్ధకాలంలో బీఎస్ఎఫ్ సైన్యం ఆధీనంలో పనిచేస్తుంది కాబట్టి దాని ఫిరంగులు సైన్యానికి కూడా బలమే.

తర్వాతి కాలంలో బీఎస్ఎఫ్ ఆర్టిలరీకి మన దేశంలోనే తయారైన 105 మి.మీ. ఇండియన్ ఫీల్డ్ గన్ వచ్చింది. దాని గుండు సుమారు 17 కిలోమీటర్ల దూరం వెళ్తుంది. అంటే రామంతాపూర్‌లో పేల్చితే గోల్కొండ దాకా అన్నమాట.

ఫిరంగి వెనుక లెక్కలు

అంత దూరంలోని లక్ష్యం ఫిరంగి దగ్గరున్నవారికి కనిపించదు. ముందున్న పరిశీలకుడు లక్ష్యాన్ని చూసి వైర్‌లెస్‌లో చెబుతాడు. వెనుక కమాండ్ పోస్టులో దూరం, దిశ, ఎత్తు, గాలి వేగం లెక్కగట్టి ఫిరంగిని ఏ కోణంలో పెట్టాలో నిర్ణయిస్తారు. మొదటి గుండు పక్కన పడితే పరిశీలకుడు ఎంత కుడికి, ఎంత ముందుకు జరపాలో చెప్పి సరిచేస్తాడు.

మన త్రికోణమితి ఇక్కడ పనికొస్తుంది. 17 కిలోమీటర్ల దూరంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే గుండు సుమారు 300 మీటర్లు పక్కకు పడుతుంది. అందుకే గన్నర్లు వృత్తాన్ని 360 డిగ్రీలుగా కాక 6,400 'మిల్స్'గా విభజిస్తారు. ఒక మిల్ తేడాకు కిలోమీటరు దూరంలో ఒక మీటరు, 17 కిలోమీటర్ల దూరంలో సుమారు 17 మీటర్లు జరుగుతుంది. లెక్క తప్పితే పడేది ఎవరి పొలంలోనో, ఎవరి ఇంటి మీదో!

సరిహద్దు పల్లెలకు ఈ మాట కొత్త కాదు. 2003 నవంబరులో కుదిరిన కాల్పుల విరమణ చాలాసార్లు దెబ్బతింది. 2021 ఫిబ్రవరిలో రెండు దేశాలూ మళ్లీ ఒప్పుకున్నాయి. 2025 మేలో మళ్లీ గుండ్లు పడి జమ్ము కాశ్మీర్ గ్రామాల ప్రజలు ప్రాణాలు కోల్పోయారు, ఎందరో ఇళ్లు వదిలి వెళ్లారు. ఫిరంగి ఉండటం ఎంత అవసరమో, అది మోగకుండా ఉండటం కూడా అంతే అవసరమని దీన్నిబట్టి అర్థమవుతుంది.

మనకు ఉపయోగం

2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగిన కానిస్టేబుల్ జీడీ పరీక్షను మొదటిసారి తెలుగులో కూడా నిర్వహించారు. తెలుగు మీడియంలో చదివిన మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది మంచి అవకాశం. పరుగు పందెం ఎంత సాధన చేస్తున్నామో, లెక్కల పుస్తకం కూడా అంతే సాధన చేద్దాం. బీఎస్ఎఫ్‌లో చేరిన ప్రతివారూ ఆర్టిలరీకి వెళ్లరు. కానీ ముందు పోస్టులో రైఫిల్‌తో నిలబడే జవానుకు వెనుక ఎవరున్నారో తెలిసి ఉండాలి. 1965లో సర్దార్ పోస్టు జవాన్లకు దొరకని ఆ అండ కోసమే ఈ విభాగం ఏర్పడిందని గుర్తుంచుకుందాం.