రసీదు అడిగిన నోరే కొండనూ అడుగుతుంది

విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని భీమునిపట్నం వెళ్తుంటే, ఊరు ఇంకా కొద్ది దూరం ఉందనగా ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. గాలీ, వానా, సముద్రం కలిసి వేల ఏళ్ళుగా పేర్చిన ఎర్రటి ఇసుక అది. దక్షిణాసియాలో ఇలాంటి దిబ్బలు తమిళనాడు తీరంలోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా లేవంటారు. 2024 జులైలో వాటి పక్కకు యంత్రాలు దిగాయి. ఒక గృహనిర్మాణ సంఘం భూమిలో నేల చదును చేసే పని మొదలైంది. చూసినవాళ్ళు ఫొటోలు తీశారు, తెలిసినవాళ్ళు ఫిర్యాదులు రాశారు, పత్రికలు వేశాయి. అధికారులు వచ్చి పనులు ఆపించారు. 2025 సెప్టెంబరులో అవే దిబ్బలు, తిరుమల కొండలతో పాటు, యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి.

2024 జులైలో అందరూ "ఏటి సేత్తాం బాబూ, పెద్దోళ్ళ యవ్వారం" అని ఊరుకుని ఉంటే, జాబితాకెక్కే సమయానికి అక్కడ ఎంత మిగిలేదో ఆలోచించండి. మన దగ్గర అన్యాయం కనిపించక కాదు, కనిపించిన మరుక్షణం ఈ మాట నోట్లోంచి వచ్చేస్తుంది కాబట్టే సగం పనులు చెడుతున్నాయి. పెద్దవాళ్ళను అడగడానికి పుట్టుకతో వచ్చే ధైర్యం ఏదో కావాలని మనం అనుకుంటాం. నేను ఒప్పుకోను. అది ఈత లాంటిది, నేర్చుకుంటే వస్తుంది, లోతు లేనిచోట మొదలుపెట్టాలి.

మొదట కోపం సంగతి తేల్చుకుందాం. కోపం రావాలి, రానివాడి గురించి నాకు బెంగ. కానీ కౌంటర్ దగ్గర అరిచి ఇంటికొచ్చిన కోపం వల్ల ఎదుటివాడికి వీసమెత్తు నష్టం లేదు. మీరు వెళ్ళిపోయాక వాడు టీ తాగుతాడు. వాడిని నిజంగా ఇబ్బంది పెట్టేది తేదీ, సంతకం, జవాబు చెప్పాల్సిన గడువు ఉన్న కాగితం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరి పక్కన కొండో, చెరువో, తీరమో ఎవరో తవ్వుతున్నారు. సమాచార హక్కు చట్టం కింద మీరొక దరఖాస్తు పెట్టారు: "అక్కడ ఎందుకు తవ్వుతున్నారు? అధికారులు ఎందుకు పట్టించుకోవడం లేదు?" దీనికి జవాబు రాదు. ఆ చట్టం కింద ఆఫీసులో ఉన్న సమాచారం ఇస్తారు తప్ప, మీ ఎందుకులకు సంజాయిషీ ఇవ్వరు. అదే దరఖాస్తు ఇలా రాయండి: "ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరులో నేల చదునుకు ఇచ్చిన అనుమతి పత్రం నకలు ఇప్పించండి. తీర నియంత్రణ మండలి అనుమతి ఉంటే దాని నకలు ఇప్పించండి. ఈ స్థలాన్ని తనిఖీ చేసిన అధికారి హోదా, తేదీ, నివేదిక నకలు ఇప్పించండి." ఇప్పుడు తప్పించుకునే దారి తక్కువ. అనుమతి ఉంటే నకలు ఇవ్వాలి, లేకపోతే లేదని సంతకం పెట్టి చెప్పాలి. ఆ "లేదు" అనే కాగితమే రేపు మీ కేసు. ఖర్చు పది రూపాయలు. గడువు ముప్పై రోజులు. రాకపోతే అదే ఆఫీసులో మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఎందుకు కావాలని మిమ్మల్ని అడిగే అధికారం ఎవరికీ లేదు.

విశాఖలోనే ఉంటున్న ఇ.ఎ.ఎస్. శర్మ గారి లేఖలు పత్రికల్లో చదివే ఉంటారు. కేంద్రంలో విద్యుత్ శాఖ, ఆర్థిక వ్యవహారాల శాఖల కార్యదర్శిగా పనిచేసి, 2000లో ఉద్యోగం వదిలి వచ్చేశారు. ఆ లేఖల్లో తిట్లు ఉండవు. ఏ చట్టం, ఏ సెక్షను, ఏ జీవో, ఎవరి బాధ్యత అనేది ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీదికి నడిపిన సల్వాజుడుం దళాలను తప్పుపడుతూ సుప్రీంకోర్టు 2011లో తీర్పు ఇచ్చిన కేసులో ముగ్గురు పిటిషనర్లలో ఆయనొకరు. పార్టీలు విదేశీ మూలాలున్న కంపెనీల నుంచి విరాళాలు తీసుకోవడం మీద 2014లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు వెనకా ఆయన పిటిషన్ ఉంది. రెండు పెద్ద జాతీయ పార్టీలకూ ఒకేసారి ఎదురు నిలిచిన కేసు అది. అంత పెద్ద హోదాలో చేసిన మనిషికి చెల్లుతుంది, మాకెక్కడ చెల్లుతుంది అంటారేమో. అందుకే అనంతగిరి కథ చెప్పాలి.

అనంతగిరి మండలంలో బొర్రా గుహల చుట్టుపక్కల కొండల్లో కాల్సైట్ ఉంది. ఆ ఖనిజం కోసం గిరిజన ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం లీజులిచ్చింది. నిమ్మలపాడు భూముల మీదికి వచ్చింది బిర్లా పెరిక్లేజ్. ఒకవైపు ప్రభుత్వం, దేశంలోనే పెద్ద పారిశ్రామిక కుటుంబం పేరున్న సంస్థ. ఇంకోవైపు పోడు చేసుకుని రాగులు, సామలు పండించుకునే కుటుంబాలు. వాళ్ళకు అండగా నిలిచింది "సమత" అనే చిన్న స్వచ్ఛంద సంస్థ.

వాళ్ళు పట్టుకున్న దారం ఏమిటో చూడండి. ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు ఉన్నాయి, 1970 సవరణతో అవి మరింత గట్టిపడ్డాయి. ఆ నిషేధం మనుషుల మధ్య జరిగే లావాదేవీలకే, ప్రభుత్వం తన భూమిని ఎవరికైనా లీజుకిచ్చుకోవచ్చన్నది సర్కారు వాదన. ప్రభుత్వానికి మాత్రం ఆ కట్టుబాటు ఎందుకుండదని సమత అడిగింది. మొత్తం పోరాటం ఈ ఒక్క ప్రశ్న మీద నడిచింది. 1995లో హైకోర్టులో ఓడిపోయారు. చాలామంది అక్కడ ఆగిపోతారు, "చేయగలిగింది చేశాం" అని తృప్తి పడతారు. వీళ్ళు ఢిల్లీ వెళ్ళారు. 1997 జులై 11న సుప్రీంకోర్టు, ముగ్గురు న్యాయమూర్తుల్లో మెజారిటీ తీర్పుతో, ఆ ప్రశ్నకు వాళ్ళ వైపు జవాబు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం కుదరదు. తవ్వితే ప్రభుత్వ ఖనిజ సంస్థ తవ్వాలి, లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వాలి. లాభంలో కనీసం ఇరవై శాతం అక్కడి మనుషుల అభివృద్ధికి పెట్టాలి.

తర్వాత ప్రభుత్వాలు ఆ తీర్పును మార్పించాలని మళ్ళీ కోర్టుకు వెళ్ళాయి, 2000లో ఆ ప్రయత్నమూ వీగిపోయింది. బాక్సైట్ కొండల మీద ఏళ్ళ తరబడి నడిచిన ఉద్యమాలకు ఈ తీర్పే ఊతకర్ర అయింది. బాక్సైట్ తవ్వకాలకు అటవీ భూమినిస్తూ 2015లో వచ్చిన జీవో 97, 2019లో రద్దయింది.

ఈ కథలో నాకు బాగా నచ్చేది 1997 కాదు, 1995. ఓడిన రోజు ఏం చేశారన్నదే మనిషి తీరు చెబుతుంది. పెద్దవాళ్ళు లెక్క వేసుకునేది మీ బలం ఎంతని కాదు, మీరు ఎప్పటికి అలసిపోతారని. వాళ్ళకు జీతాలిచ్చే లాయర్లున్నారు, వాయిదాలు వాళ్ళకు ఖర్చు కాదు. మీకు ఒక్కో వాయిదా ఒక రోజు కూలి. కాబట్టి మొదటి రోజే అనుకోండి: ఇది ఆరు నెలల పని కాకపోవచ్చు, నా ఇల్లూ ఉద్యోగమూ నడుపుకుంటూ దీన్ని ఎలా మోయాలి? ఈ లెక్క వేసుకోనివాడు మొదటి ఏడాదిలోనే చతికిలపడతాడు.

సుప్రీంకోర్టు దాకా వెళ్ళే నోరు ఎక్కడ తయారవుతుంది? ఫీజు కౌంటర్ దగ్గర.

జూన్ నెలలో ఏ ప్రైవేటు స్కూలుకైనా వెళ్ళండి. గాజు పలక వెనక గుమస్తా, ఇవతల చేతిలో నోట్లతో తల్లిదండ్రులు. ట్యూషన్ ఫీజుకు రసీదు వస్తుంది. "డెవలప్‌మెంట్", "యాక్టివిటీ", ఇంకేదో పేరుతో తీసుకున్న మొత్తానికి మాత్రం పేరూ ముద్రా లేని తెల్లచీటీ మీద అంకె వేసి ఇస్తారు. వరసలో ఒకావిడ ఆగి అంటుంది, "బాబూ, దీనిక్కూడా రసీదు రాయండి." "అది తర్వాత ఇస్తారమ్మా." "అయితే డబ్బులూ తర్వాతే కడతాను, ఇక్కడే కూచుంటాను." గొంతు పెంచలేదు, పక్కకు జరిగింది, బెంచీ మీద కూచుంది. వెనక నిలబడ్డ నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆ చూపులోనే సంఘం మొదలవుతుంది.

ఆవిడకు చట్టం తెలియకపోవచ్చు, మీరు తెలుసుకోండి. 2009 విద్యాహక్కు చట్టంలో 13వ సెక్షను ప్రకారం బడిలో చేర్చుకునేందుకు క్యాపిటేషన్ ఫీజు తీసుకోకూడదు, తీసుకుంటే దానికి పది రెట్ల దాకా జరిమానా. హోటల్ బిల్లులో సర్వీస్ ఛార్జీ తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. కొన్న వస్తువు లేదా పొందిన సేవ విలువ ఐదు లక్షలు దాటకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, గడువు రెండేళ్ళు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100. ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో దాచుకోండి.

ఇంత చిన్న మొత్తం కోసం ఇంత రభసా అని ఇంట్లో అంటారు. అననివ్వండి. ఆ డబ్బుతో మీరు కొనుక్కునేది అలవాటు. ఇంగ్లిష్‌లో మాట్లాడే మేనేజరు ముందు గొంతు వణక్కుండా నిలబడటం, చెప్పింది రాసుకోవడం, "మీ పేరు, హోదా చెప్పండి" అని మర్యాదగా అడగడం, ఇవన్నీ చిన్న మొత్తాల దగ్గరే నేర్చుకోవాలి.

ఒంటరిగా మాత్రం వెళ్ళొద్దు. ఇది ధైర్యానికి సంబంధించిన మాట కాదు, జాగ్రత్తకు సంబంధించింది. ఈ దేశంలో సమాచారం అడిగినందుకు దెబ్బలు తిన్నవాళ్ళున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ప్రశ్న ఒక్కరి పేరు మీద ఉంటే ఆ ఒక్కరిని అదిలిస్తే సరిపోతుంది, పదిమంది పేర్ల మీద ఉంటే ఎవరినని అదిలిస్తారు? విశాఖ ఉక్కు కార్మికులను చూడండి. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, ఎన్నికలప్పుడు ఒకరినొకరు ఓడించుకునే యూనియన్లు కూర్మన్నపాలెంలో ఒకే శిబిరం కింద కూచున్నాయి. 1966లో ఇదే ఉక్కు కోసం తుపాకీ గుళ్ళకు ఎదురెళ్ళిన ఊళ్ళు ఇవి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. పోరాటం ముగిసిందని కార్మికులు అనడం లేదు, కానీ ఆ శిబిరమే లేకుంటే ప్యాకేజీ మాటైనా వచ్చేదని నేను అనుకోను.

కాగితమూ జనమూ రెండూ కావాలని సోంపేట నేర్పింది. బీల అనే చిత్తడి నేలల్లో 2,640 మెగావాట్ల థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు దారికి అడ్డం నిలబడ్డారు. అదే సమయంలో పర్యావరణ పరిరక్షణ సంఘం పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి వెళ్ళింది. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో సోంపేట మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని అథారిటీ రద్దు చేసింది. ఆ తేదీ తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. గెలుపు వచ్చిన రోజే చావు కూడా వచ్చింది, ఆ గెలుపును పండగ చేసుకోవడానికి వీల్లేకుండా.

ఓడిపోయేవీ ఉంటాయని చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదకొండు మంది కోందు గిరిజన మహిళలు పోలీసు బలగాల మీద అత్యాచారం ఆరోపణతో ముందుకొచ్చారు. దాదాపు పదహారేళ్ళ తర్వాత, 2023 ఏప్రిల్‌లో, విశాఖలోని ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని అధికారులను తప్పుపట్టింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. కొండ మీది నుంచి దిగి, తమ భాష కాని భాషలో వాళ్ళు సాక్ష్యం చెప్పారు. న్యాయం అడగడానికి అందరికీ ఒకే ధర పడదు. చదువూ కులమూ పట్నమూ అండగా ఉన్న మనకు ఒక సెలవు దినం ఖర్చయ్యే చోట, వాళ్ళకు సగం జీవితం ఖర్చవుతుంది. తక్కువ ధర పడేవాళ్ళు ముందు నిలబడాలి. దరఖాస్తు రాయడం వచ్చినవాడు రానివాడి కోసం రాయాలి.

కౌంటర్‌కు అవతల కూచున్నవాళ్ళకు, అంటే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు, ఒక మాట. 2023 జనవరిలో అమెరికాలోని సియాటిల్‌లో వేగంగా దూసుకొచ్చిన పోలీసు కారు ఢీకొని ఆదోని అమ్మాయి జాహ్నవి కందుల చనిపోయింది. పోలీసు యూనియన్ నాయకుడైన ఒక అధికారి ఫోన్లో నవ్వుతూ ఆమె ప్రాణానికి విలువ తక్కువన్నట్టు మాట్లాడటం అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. ఆ రికార్డును బయటి ఉద్యమకారులు కనిపెట్టలేదు. అదే పోలీసు శాఖలో పనిచేసే ఒక ఉద్యోగి తన రోజువారీ పనిలో దాన్ని విని, ఇది సరికాదని పైకి పంపారు. ఆ తర్వాతే విచారణ, జనం ఆగ్రహం, 2024 జులైలో ఆ అధికారి ఉద్యోగం ఊడటం.

మునిసిపల్ ఆఫీసులో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో, బ్యాంకులో, స్కూలు అకౌంట్స్ గదిలో మీరు రోజూ కూచునే కుర్చీ అలాంటిదే. తప్పు అనిపించిన ఫైలు మీ బల్ల మీదికి వచ్చినప్పుడు నోట్‌షీట్‌లో మీ అభ్యంతరం రెండు వాక్యాల్లో రాయండి. ఏ నిబంధనకు విరుద్ధమో నంబరుతో వేయండి. తేదీ వేసి సంతకం పెట్టి పైకి పంపండి. పై అధికారి కాదని సంతకం పెడితే పెట్టనివ్వండి. రేపు ఎవరో పది రూపాయలు కట్టి ఆ ఫైలు నకలు అడుగుతారు, మీరు రాసింది అందులో ఉంటుంది.