సజీవ మత్స్యములతో ప్రయాణము

కొన్ని యేండ్ల క్రిందట, ఎండలు ముదురుచున్న దినములలో, మా విజ్ఞానశాస్త్రపు గదిలోని గాజుతొట్టి కొఱకు గుంటూరునుండి ఎనిమిది బంగారుచేపలను బస్సులో తెచ్చితిని. నీరెంత యెక్కువయైన చేపకంత సుఖమని తలచి, సంచిని మూతివఱకు నీటితో నింపించితిని. నరసరావుపేట చేరునప్పటికి మూడు మాత్రమే బ్రతికియుండెను. తప్పు అమ్మినవానిది కాదు, నాది. ఆ తప్పు మఱియొకరు చేయకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాను.

చేప తన మొప్పలతో నీటిలో కరగియున్న ప్రాణవాయువును గ్రహించును. సెంటీగ్రేడు 20 డిగ్రీల వేడిమి గల లీటరు నీటిలో గాలినుండి కరగి నిలుచు ప్రాణవాయువు సుమారు 9 మిల్లీగ్రాములు. 30 డిగ్రీలలో 7.5 మాత్రమే. నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువు తగ్గును, చేపకు కావలసినది మాత్రము హెచ్చును. ఇక లీటరు శుద్ధ ప్రాణవాయువు తూకము సుమారు 1,300 మిల్లీగ్రాములు! కావున చేపకు ఆధారము సంచిలోని నీటికంటె నీటిపైనున్న వాయువే. ఇందువలననే చేపపిల్లలను దూరము పంపువారు పాలిథీను సంచిలో మూడవవంతు నీరు పోసి, మిగిలిన భాగమును ప్రాణవాయువుతో నింపి, మూతి బిగించి కట్టుదురు.

రెండవ యపాయము చేప విసర్జించు మలినములనుండి కలుగును. వానిలో అమ్మోనియా విషము. అందుచేత ప్రయాణమునకు ముందొక దినము మేత మానిపింపవలెను. ఊరు చేరిన పిదప, కట్టిన సంచిని కట్టినట్లే తొట్టినీటిపై పావుగంట తేలనిచ్చినయెడల రెండు నీళ్ల వేడిమియు సమమగును. సంచి విప్పిన తరువాత ఆలస్యము తగదు. ఏలయనగా, అందలి బొగ్గుపులుసు వాయువు వెలికి పోవుటతో అమ్మోనియా విషము తీవ్రమగును. చేపను చిన్న వలతో తొట్టిలోనికి మార్చి, సంచినీటిని పాఱబోయవలెను.

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు ఒక బాలుడు లేచి, “మాష్టారూ, అమెరికాలోనున్న మా అన్నయ్య ఇల్లు మారుచున్నాడు. తన చేపను విమానములో తీసికొనిపోవచ్చునా?” అని యడిగెను. మంచి ప్రశ్న. 2006 ఆగస్టులో ద్రవరూపమైన ప్రేలుడు పదార్థములతో విమానములను కూల్చు కుట్ర లండనులో బయటపడెను. అప్పటినుండి పెక్కు దేశములు చేతిసామానులోని ద్రవములకు సీసా యొక్కంటికి 100 మిల్లీలీటర్ల హద్దు విధించెను. అయినను అమెరికా రవాణా భద్రతాసంస్థ సజీవమైన చేపకు మినహాయింపు నిచ్చినది. చేప నీటితో సహా, లోపల యేమున్నదో స్పష్టముగా కనబడు పాత్రలో నుండవలెను. అధికారి పరీక్షించి పంపును. విమానపు అడుగుభాగమున వేయు సామానులో మాత్రము చేప నుంచరాదు. అయితే భద్రతాద్వారము దాటినంత మాత్రమున చాలదు. విమానసంస్థయు ఒప్పుకొనవలెను. సంస్థకొక నియమము గనుక టిక్కెట్టు కొనుటకు ముందే విచారింపవలెను.

ఆకాశమున మఱియొక జాగ్రత్త కలదు. విమానపు గదిలోని గాలి యొత్తిడి నేలమీదికంటె తక్కువ. సుమారు 2,400 మీటర్ల కొండపై నుండునంతవఱకు తగ్గవచ్చును. అప్పుడు సంచిలోని వాయువు ఉబ్బును. కావున సంచిని బిఱ్ఱుగా నింపక కొంత సందుంచి, దానిపై రెండవ సంచి తొడుగవలెను.

పరదేశమునుండి సజీవమత్స్యములను మన దేశమునకు తెచ్చుటకు ప్రభుత్వానుజ్ఞ కావలయును. ఈ కట్టుబాటు వృథా కాదు. 1959లో హాంకాంగునుండి గడ్డిచేప పిల్లలు తేబడి, కటకములోని మత్స్యపరిశోధకుల పోషణలో పెరిగి, పిదప దేశములోని చెఱువులకు వ్యాపించెను. అది పరీక్షించి తెచ్చిన చేప. దక్షిణ అమెరికాకు చెందిన సక్కరు చేప కథ వేఱు. తొట్టిగాజుపై నాచు తినునని దానిని కొనినవారు, అది పెరిగి పెద్దదైన పిదప బయట నీళ్లలో విడిచిరి. నేడది తెలుగునాటి చెఱువులలో స్థిరపడి, గట్టి ముండ్లతో జాలరుల వలలను చింపుచున్నది.

కావున బాలురారా, బాలికలారా, మీ తొట్టిలోని చేప మీకు బరువైనప్పుడు దయతలచి సాగరు కుడికాలువలో వదలకుడు. పెంచగలవారికి అప్పగింపుడు. నోరులేని ప్రాణిని చేతబట్టుకొని బయలుదేరినవాడు దాని శ్వాసకును, అది చేరబోవు నీటికిని కూడ పూచీపడినవాడే. ఆ మాట నాకు ఐదు బంగారుచేపలు నేర్పినవి.