నంద్యాల ఎండకు ఏసీ, కూలర్, గీజర్ చిట్కాలు

రోహిణి కార్తెలో మా నంద్యాల, ఆళ్లగడ్డ వైపు ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేం కాదు. అందరూ ఇంకా పెద్ద ఏసీ కొందామంటారు గానీ, ముందు గోడలో వైరు, ప్లగ్గు, చేతిలో రిమోట్ సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. డబ్బు కారిపోయేది ఎక్కువగా అక్కడే.

1. టన్నున్నర ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగించండి. ఐఎస్ఐ గుర్తున్న 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు అడగండి; ఫ్యాన్ల లైన్లో కలిపేస్తే ఏసీ వేసినప్పుడల్లా లైట్లు మసకబారతాయి, గోడలో వైరు వేడెక్కుతుంది.

2. ఏసీ గంటసేపు ఆడాక ఆపేసి, ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు; చుర్రుమన్నా, పిన్నుల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా సాకెట్ లూజైనట్టే, వెంటనే మార్పించండి. ఇప్పుడైతే ఒక్క సాకెట్‌తో పోతుంది, వదిలేస్తే బోర్డంతా మార్చాలి.

3. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఇంకా ఎక్కువ ఆంపియర్లది వేయమనకండి. అది పడుతున్నది వైరును కాపాడడానికే. పెద్దది వేస్తే అది పడదు, వైరు కాలుతుంది.

4. మనది నల్లరేగడి నేల కదా, ఎండాకాలం నెర్రెలిచ్చి ఎర్త్ పైపు చుట్టూ మట్టి విడిపోతుంది. వారానికి ఒకటి రెండు సార్లు సాయంత్రం పూట ఎర్త్ గుంతలో రెండు బిందెల నీళ్లు పోయండి. మట్టి తడిగా ఉంటేనే ఎర్త్ పనిచేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరికీ గుర్తుండదు.

5. కూలర్లో నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే పీకేయండి. ఇనప బాడీ కూలరైతే మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి, కరెంటు లీకైతే లైను తెంచేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా ఇంటికి పెట్టించండి. మిగతా వాటిలో ఎంతైనా బేరమాడండి గానీ దీంట్లో వద్దు.

6. కూలర్లో ముందు పంపు వేసి, గడ్డి బాగా తడిశాక ఫ్యాన్ వేయండి, మొదట్లో వేడిగాలి కొట్టదు. ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి; వానలు మొదలయ్యాక పంపు ఆపి ఉత్త ఫ్యాన్ చాలు.

7. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవుతాయి, దాన్ని 18కి దించే పని పెట్టుకోకండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. 26 పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుకోండి, హాయిగా ఉంటుంది.

8. పడుకునేముందు రిమోట్‌లో స్లీప్ నొక్కి, తెల్లవారుజామున 4కి ఆఫ్ టైమర్ పెట్టండి. చలికి లేచి రిమోట్ వెతుక్కునే బాధ ఉండదు, ఆ గంటల కరెంటూ మిగులు.

9. రిమోట్ మీద ‘ఐ ఫీల్’ మీట ఉంటే నొక్కి, రిమోట్‌ను మంచం పక్కనే పెట్టుకోండి. ఏసీ తన దగ్గరి వేడి కాక మీ దగ్గరి వేడి చూసుకుని ఆడుతుంది. టీవీ పక్కన పెట్టారో, ఆ వేడికి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

10. ఏసీని ఫోనుకు కలిపేటప్పుడు రూటర్లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఎంచుకోండి, చాలా ఏసీలు 5ది పట్టుకోవు. ఇంతోటి దానికి మెకానిక్ వచ్చి విజిటింగ్ చార్జి తీసుకుపోతాడు.

11. పాత ఏసీకి వైఫై లేదని మార్చేయకండి, చిన్న ఐఆర్ బ్లాస్టర్ ఎదురుగా పెడితే ఫోనే రిమోట్ అవుతుంది. ఆళ్లగడ్డలో బడి ముగించుకుని నంద్యాల బస్సెక్కే టీచరమ్మలకు ఇది బాగా పనికొస్తుంది. ఊళ్లోకి వచ్చాక నొక్కండి చాలు. దారిలో శిరివెళ్లలోనే నొక్కితే ఖాళీ గదికి చలి పెట్టినట్టే.

12. గీజర్‌కు స్మార్ట్ ప్లగ్ కొంటే 16 ఆంపియర్లదే కొనండి, తక్కువది కరిగిపోతుంది. ఏసీకి వాడేవాళ్లు ముందు రిమోట్‌తో ఆపి తర్వాతే ప్లగ్ ఆపాలి, ఆడుతుండగా తెగ్గొట్టకూడదు.

13. గీజర్ వేడి 50 దగ్గర పెట్టుకోండి. మరగకాచి, మళ్లీ బకెట్టెడు చన్నీళ్లు కలుపుకోవడమెందుకు చెప్పండి!

14. త్రీఫేజ్ ఇల్లయితే ఏసీ ఒక ఫేజు మీద, గీజర్ ఇంకో ఫేజు మీద ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌ని అడగండి.

15. రిమోట్ ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాన్ బిగిస్తే గోడమీది పాత రెగ్యులేటర్ తీయించి నేరుగా లైను ఇప్పించండి, లేదంటే ఫ్యాన్‌లోని బోర్డు పాడవుతుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే ఇది 30 చిల్లరతో సరిపెట్టుకుంటుంది.

16. ఏసీలో ఏదైనా కోడ్ వెలిగితే ముందు ఫోటో తీసి మెకానిక్‌కు పంపండి, సరైన సామానుతో ఒక్కసారే వస్తాడు. మిద్దె మీద ఔట్‌డోర్‌కు పోయే వైరును ఉడతలు, ఎలుకలు కొరికినా కోడ్ వస్తుంది. గట్టి పైపులో వేయించండి.

17. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర ఇల్లున్నవాళ్లు ఫిల్టర్‌ను వారానికోసారి కడగాలి, ఆ రాతిపొడి సన్నగా పట్టేస్తుంది. మిగతావాళ్లకు పదిహేను రోజులకోసారి చాలు.

18. పెనుగాలి, ఉరుములు మొదలైతే ఏసీ ఎంసీబీ దించేయండి. కరెంటు వచ్చాక కూడా ఐదు నిమిషాలాగి వేయండి. లోపలి బోర్డు కాలితే వేలల్లో ఖర్చు.

19. నెల మధ్యలో మీటర్ మీరే చదువుకోండి. మన ఎస్‌పీడీసీఎల్ బిల్లులో 225 దాటాక యూనిట్ 6 రూపాయల నుంచి 8.75కు ఎక్కుతుంది, ఆపైన మిగతా చార్జీలు వేరే. టన్నున్నర ఏసీ ఆగకుండా ఆడితే గంటకు సుమారు యూనిట్టున్నర. లెక్క వేసుకుని చివరి పది రోజులు కూలర్‌కు మారండి.

20. సొంత మిద్దె ఉంటే పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ ఉంది. పాణ్యం దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టింది ఈ ఎండ చూసే కదా! ప్యానెళ్లుంటే ఏసీ మధ్యాహ్నమే వేసుకోండి.

21. మెయిన్ బోర్డులో ఏ ఎంసీబీ దేనిదో మార్కర్‌తో రాసిపెట్టండి: ‘ఏసీ’, ‘గీజర్’, ‘మోటరు’. రాత్రి ఏదైనా పడిపోతే అత్తయ్యకు ఫోన్లో చెప్పినా తనే ఎత్తేస్తుంది.